కుర్రాళ్ళు నిలవట్లేదండీ!

గుంటూరు కొత్తపేటలో సాయంత్రం ఏడింటికి ఏ నర్సింగ్ హోమ్ మెట్ల దగ్గర చూసినా నలుగురైదుగురు మెడికల్ రెప్‌లు కనిపిస్తారు. భుజాన బరువు బ్యాగు, మెడలో టై, హెల్మెట్ కింద అణిగిపోయిన జుట్టు. అక్కడి టీ బడ్డీ దగ్గరే తెలిసిన ఏరియా మేనేజరు గారొకరు తగిలారు. అల్లం టీ ఊదుకుంటూ, "కుర్రాళ్ళు నిలవట్లేదండీ. పని నేర్పగానే పక్క కంపెనీకి చెక్కేస్తున్నారు. ఈ తరానికి విశ్వాసం లేదు" అని వాపోయారు.

పాపం, ఆయన శ్రద్ధలో లోపం లేదు. పొద్దున ఎనిమిదింటికల్లా వాట్సాప్ గ్రూపులో 'గుడ్ మార్నింగ్ టైగర్స్' పెడతారు. ఎనిమిదీ ఐదుకి నిన్నటి అమ్మకాల పట్టిక, అందులో అట్టడుగు పేరు ఎర్ర రంగులో. పదింటికి లైవ్ లొకేషన్ పెట్టాలి. పులి మెడలో గంట కట్టిన మొనగాడు మా జిల్లాలో ఈయనొక్కరే.

జాయింట్ వర్క్ అని ఒకటుంది. మేనేజరు రెప్‌తో కలిసి తిరిగి, డాక్టరుతో ఎలా మాట్లాడాలో దగ్గరుండి నేర్పాలి. ఈయన కుర్రాడి బండెక్కి తెనాలి దాకా వెళ్ళి, "మావాడికి ఇంకా ప్రాడక్ట్ నాలెడ్జ్ లేదండీ" అని డాక్టరు ముందే చెప్పి వస్తారు. మధ్యాహ్నం భోజనం బిల్లు పులే కట్టుకుంటుంది.

అసలు ముచ్చట నెలాఖరున. టార్గెట్‌కి రెండు లక్షలు తక్కువైతే కుర్రాడు స్టాకిస్టు కాళ్ళావేళ్ళా పడాలి. "అన్నా, ఈ నెలకి దించుకో, పోకపోతే నేనే వెనక్కి తీసుకుంటా" అని బతిమాలి ఆ సరుకంతా గోడౌన్‌లో కుక్కిస్తాడు. కంపెనీ లెక్కలో అది అమ్మకం. మేనేజరు గారికి ఇన్సెంటివ్. నాలుగు నెలలకి అదే సరుకు అవే డబ్బాల్లో తిరిగొస్తుంది. అప్పుడది కుర్రాడి లెక్కలో రిటర్ను, పట్టికలో ఎర్ర రంగు.

ఈ రెప్‌ల కోసం పార్లమెంటు 1976లోనే ఒక చట్టం చేసింది. నియామక పత్రం ఇవ్వాలంది, పదకొండు రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇవ్వాలంది. సెలవడిగిన కుర్రాడికి ఈయన చెప్పేది ఒకటే: "మనదంతా ఒక ఫ్యామిలీరా!" నిజమే, సెలవులుండనిది సంసారానికే కదా.

అదే వీధిలో ఇంకో కంపెనీ మేనేజరున్నాడు. పెద్ద మాటకారి కాదు. టీఏ బిల్లు ఐదో తారీఖులోపు పాస్ చేస్తాడు. డాక్టరు గదిలో నోరెత్తడు, చెప్పాల్సిందేదో బయటికొచ్చాక టీ తాగుతూ చెబుతాడు. టార్గెట్ మోయలేనిదైతే ఆ మాట పైవాళ్ళతో తనే అని, తిట్లు తనే తింటాడు. అతని దగ్గర కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి కదలడం లేదు. ఆ సంగతి ఎత్తితే మన మేనేజరు గారు పెదవి విరిచారు. "ఆయనలో లీడర్‌షిప్ క్వాలిటీస్ లేవండీ."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఇంకో పులి రాజీనామా. అయ్యగారు కంగారుగా, "ఒరే నాన్నా, తొందరపడకు, రాత్రికి కలిసి బిర్యానీ తిందాం" అన్నారు. రెండేళ్ళలో ఆ కుర్రాణ్ణి ఆయన నాన్నా అనడం అదే మొదటిసారట.

కుర్రాడు బిర్యానీకి రాలేదు. మార్చి నెల టీఏ బిల్లు మాత్రం అడిగాడు. ఇప్పుడు జూలై. ఆ కాగితం మేనేజరు గారి బ్యాగులోనే, సంతకం కోసం ఉంది.