చచ్చిన బారు కళ్లు చారెడు

రాక్ బార్ అనేది మహానగరంలో అద్దె తక్కువున్న వీధిలో పుట్టి, ఆ వీధికి గిరాకీ తెచ్చిపెట్టి, ఆ గిరాకీతో పెరిగిన అద్దె కట్టలేక మూతపడే వ్యాపారం. బతికున్నంత కాలం దీని ప్రస్తావన పోలీస్ స్టేషన్ ఫిర్యాదుల్లో కనిపిస్తుంది. పోయాక పర్యాటకుల కరపత్రాల్లోకి ఎక్కుతుంది. ఏ నగరంలోనైనా ఈ రెంటి మధ్య నడిచే కథ దాదాపు ఒకటే కాబట్టి, దాన్ని వరసలో చెప్పుకోవడమే సుళువు.

పుట్టుక

రాక్ కోసమని రాక్ బార్ పెట్టినవాళ్లు తక్కువ. లివర్‌పూల్‌లో కావర్న్ క్లబ్ 1957 జనవరిలో ఒక గోదాము నేలమాళిగలో జాజ్ సంగీతం కోసం మొదలైంది. ఆ ఆగస్టులో జాన్ లెనన్ అనే కుర్రాడు తన బృందంతో వచ్చి ఎల్విస్ పాటలు ఎత్తుకుంటే, ఆ పాడు రాక్ ఆపమని యజమాని వేదిక మీదికి చీటీ పంపాడు. 1961-63 మధ్య అదే కుర్రాడు బీటిల్స్‌తో కలిసి అదే నేలమాళిగలో దాదాపు 290 సార్లు వాయించాడు. అప్పుడు చీటీలు రాలేదు, టికెట్లు తెగాయి.

న్యూయార్క్‌లో హిల్లీ క్రిస్టల్ 1973 డిసెంబరులో సీబీజీబీ తెరిచాడు. ఆ పొడి అక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ సంగీతాలకు గుర్తు. ఆ మూడూ అక్కడ పండలేదు. రమోన్స్, టెలివిజన్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ బృందాలు వచ్చి పంక్ రాక్ పండించాయి. బార్ ఉన్న బావరీ వీధి అప్పట్లో తాగుబోతులకూ, నిలువ నీడ లేనివాళ్లకూ ఆటపట్టు. పెద్దమనుషులు కాలు పెట్టని చోటు కాబట్టే అద్దె అందుబాటులో ఉండేది. ముంబైలో బ్లూఫ్రాగ్ క్లబ్బు 2007లో లోయర్ పరేల్ మిల్లు ఆవరణలో వెలిసింది. మగ్గాలు ఆగిపోయాక ఆ షెడ్లలో మోత చేయడానికి మళ్లీ ఎవరో ఒకరు కావలసి వచ్చింది.

అనుమతులు

మన దేశంలో రాక్ సంగీతానికి మూలాధారం గిటారు కాదు, ఫైలు. మద్యం అమ్మడానికి ఒక లైసెన్సు, వండిపెట్టడానికి ఇంకొకటి, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, ట్రేడ్ లైసెన్సు, ఎవరైనా పాడబోతే చాలాచోట్ల పోలీసుల అనుమతి. బెంగళూరులో బహిరంగ వినోద స్థలాల నియంత్రణకు 2005లో ఒక ఉత్తర్వు వచ్చింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాదే పోలీసులు బార్లకు వెళ్లి, లైసెన్సు లేనిచోట పాట ఆపమన్నారు. లైసెన్సు కావాలంటే భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ నగరంలో అది లేని భవనాలు కోకొల్లలు. వాటిలో మనుషులు కాపురాలుండవచ్చు, ఆఫీసులు నడపవచ్చు, బీరు తాగవచ్చు. డ్రమ్ము కొడితే మాత్రం కట్టడం చట్టబద్ధత ప్రశ్నార్థకమవుతుంది. దేశానికి రాక్ రాజధాని అని పేరు మోసిన ఊళ్లో వారాంతాల్లో బృందాలు ఇళ్లలో కూర్చున్నాయి.

పరాయి పాటలు వాయిస్తే కాపీరైట్ సంస్థలకు రుసుము కట్టాలి. సొంత పాటలైతే ఆ ఖర్చు తగ్గవచ్చు, దాంతోపాటు శ్రోతలూ తగ్గుతారు.

అగ్నిమాపక నిబంధనలను మాత్రం నవ్వి తోసెయ్యడానికి లేదు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక క్లబ్బు వేదిక మీద కాల్చిన బాణసంచా, శబ్దం ఆపడానికి గోడలకు అతికించిన ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. 2017 డిసెంబరులో ముంబై కమలా మిల్స్ ఆవరణలో పైకప్పు మీది పబ్బులు తగలబడి 14 మంది పోయారు. ఆ వెంటనే నగరపాలక సంస్థ ఊరంతా గాలించి వందల అక్రమ కట్టడాలను కూల్చింది. అంతకు ముందురోజు వరకు అవి అక్రమమన్న సంగతి ఏ అధికారి కంటా పడలేదు.

శబ్దశాస్త్రం

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ పరిమితి. నివాస ప్రాంతంలో ఇవి 55, 45. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా ఉంటుంది. అంటే రాత్రి పదిన్నరకు కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి రాక్ బార్ మోత గురించి తిట్టుకునేవాళ్లు సైతం పరిమితి దాటినట్టే. డ్రమ్మరు మైకు లేకుండా వాయించినా పక్కనున్నవాడి చెవికి 100 డెసిబెల్స్ తగ్గవు.

రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ మోగాలంటే నాలుగు గోడల మధ్యే మోగాలి. అందుకే పైకప్పు మీది పబ్బుల్లో గాయకుడి కన్ను శ్రోతల మీద కంటే గడియారం మీద ఎక్కువగా ఉంటుంది. పండగలూ సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. పెళ్లి బరాత్‌ల డీజే ఏ సడలింపు కిందికి వస్తుందో నిబంధనల్లో లేదు. డీజే వాళ్లూ వెతకలేదు.

గోడలకు గుడ్ల ట్రేలు అతికిస్తే శబ్దం బయటికి పోదన్నది ఈ వ్యాపారంలో బలమైన నమ్మకం. ట్రేలు గది లోపలి ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి, అంతే. బేస్ గిటారు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని ఆపాలంటే బరువైన గోడ, దానికి తగలకుండా లోపల ఇంకో గోడ, వెరసి గదిలో గది కట్టాలి. ఆ ఖర్చు విన్నాక యజమాని మళ్లీ గుడ్ల దుకాణానికే వెళతాడు. దరిమిలా పక్క అపార్టుమెంటులో పాట వినిపించదు, పాత్రలు మాత్రం అదురుతాయి.

వేదిక

వేదిక సాధారణంగా నాలుగు బల్లలు తీసేస్తే మిగిలే జాగా. దాని మీద ముందుగా పరిచేది పాత తివాచీ. అది అలంకారానికి కాదు. పెడల్ తన్నినకొద్దీ పెద్ద డ్రమ్ము ముందుకు జారుతుంది. తివాచీ మీద కూడా జారితే దాని ముందు ఇటుక పెడతారు. రెండో పాటకు ఇటుకా జారుతుంది. మూడో పాటకు బేస్ వాయించేవాడు ఒక కాలు డ్రమ్ముకు అడ్డంపెట్టి, రెండో కాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటాడు. అది తన్మయత్వమని ముందు వరస అనుకుంటుంది.

పాటల జాబితా నేల మీద టేపుతో అంటించి ఉంటుంది. దాన్ని మార్చే అధికారం మాత్రం టిష్యూ పేపర్‌కు ఉంది. వెయిటర్ చేతి మీదుగా వచ్చే ఆ టిష్యూ మీద, గ్లాసు చెమ్మకు సగం అలుక్కుపోయిన అక్షరాల్లో, కోరిక రాసి ఉంటుంది. ముంబై, కోల్‌కతా, బెంగళూరు అన్న తేడా లేకుండా అది ముప్పై నలభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు హిట్ అయి ఉంటుంది. హైదరాబాదులో దానికి ఒక అదనపు వాక్యం తోడవుతుంది: “అన్నా, ఒక్క చిరంజీవి పాట కొట్టన్నా.” నెలల తరబడి డెత్ మెటల్ సాధన చేసిన గాయకుడు గొంతు సవరించుకుని ఆ పాటే ఎత్తుకుంటాడు. సాయంత్రం మొత్తానికి జనం లేచి నిలబడేది అప్పుడే.

మెటల్ శ్రోతను నల్ల టీషర్టుతోనూ, చూపుడు వేలు, చిటికెన వేలు కొమ్ముల్లా పైకెత్తిన చేతితోనూ గుర్తించవచ్చు. ఇది సైతాను ముద్ర అని ఇంట్లో పెద్దలు కంగారు పడతారు. దాన్ని జనంలోకి తెచ్చిన గాయకుడు రోనీ జేమ్స్ డియో చెప్పినదాన్ని బట్టి, అది ఇటలీ మూలాలున్న వాళ్ల బామ్మ దిష్టి తగలకుండా పట్టే ముద్ర. 1979లో బ్లాక్ సబాత్ బృందంలో చేరాక ఆయన దాన్ని వేదిక ఎక్కించాడు. ఆ లెక్కన మెటల్ కచేరీలో వేలమంది కలిసి చేస్తున్నది మన ముసలమ్మలు ఎండు మిరపకాయలతో చేసే పనే. వీళ్లది కాస్త మోత ఎక్కువ.

ఆర్థికం

బారుకు ఆదాయం పాట మీద కాదు, పెగ్గు మీద. పాట అనేది జనం రెండో పెగ్గు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకుండా చూసే సాధనం. మెటల్ ఈ పనికి చాలదు, ఎందుకంటే దాని శ్రోత ఒక్క బీరు కొని, రెండు గంటలు తల ఊపి, మంచినీళ్లు అడుగుతాడు. కనుక బార్ క్యాలెండర్‌లో మంగళవారం కరోకే, బుధవారం లేడీస్ నైట్, గురువారం రెట్రో, శుక్రవారం డీజే, శనివారం సినిమా పాటల బ్యాండు పోను మెటల్ బృందానికి ఆదివారం మధ్యాహ్నం మిగులుతుంది. ఎండ నడినెత్తిన ఉండగా చీకటి శక్తుల మీద పాడటం వీళ్లకు తప్పదు.

పారితోషికం ఆటో ఖర్చులు పోను బిర్యానీకి సరిపోతుంది. దీన్ని అన్యాయమనుకునేవాళ్లు విదేశాల సంగతి తెలుసుకుంటే ఊరట పొందుతారు. లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్‌లో 1980ల చివరికి, వాయించదలచిన బృందమే ముందుగా టికెట్లు కొనుక్కుని అమ్ముకోవాలనే పద్ధతి పాతుకుపోయింది. టోక్యో లైవ్ హౌసుల్లో బృందానికి ఇన్ని టికెట్లని కోటా ఉంటుంది. అమ్ముడుపోనివాటి డబ్బు వాళ్ల జేబులోంచే పోతుంది. కళాకారుడికి డబ్బివ్వడం లేదన్న నింద అక్కడి యజమానులకు అంటదు. వాళ్లు తీసుకుంటారు కాబట్టి.

పొరుగు

బార్ వల్ల వీధికి కళ వస్తుంది. కళ చూసి బిల్డర్ వస్తాడు. బ్రోషర్‌లో ‘నైట్‌లైఫ్ కూతవేటు దూరంలో’ అని వేస్తాడు. ఫ్లాటు కొన్నవాళ్లకు ఆ కూత మొదటి శనివారమే వినిపిస్తుంది. సోమవారం ఫిర్యాదు వెళుతుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెతకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

ఈ సామెతను తిరగరాయడానికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక నియమం తెచ్చింది. పాత సంగీత స్థలం పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవాడే శబ్దం రాకుండా తన కిటికీల ఏర్పాటు చూసుకోవాలి. ఇంగ్లండ్ 2018లో దీన్ని జాతీయ ప్రణాళికా విధానంలో చేర్చింది. మన నిబంధనలు ఎవరు ముందొచ్చారని అడగవు, ఎన్ని డెసిబెల్స్ అని మాత్రమే అడుగుతాయి. ముంబైలో కళాశాలా ఆసుపత్రీ దగ్గరున్న రంగ్ భవన్ ఆరుబయలు వేదిక ఏళ్ల తరబడి రాక్ కుర్రాళ్లకు పుణ్యక్షేత్రం. నిశ్శబ్ద మండలం పరిధిలోకి వస్తుందని 2003లో అక్కడ ఆ కచేరీలకు తెరపడింది.

మరణానంతరం

రాక్ బార్‌కు అసలైన గౌరవం ఇక్కడ మొదలవుతుంది. 1973లో భూగర్భ రైలు మార్గానికి గాలి గొట్టం కావాలని కావర్న్ క్లబ్‌ను మూయించారు. గొట్టం అక్కడ కట్టనే లేదు. భవనం కూలింది, నేలమాళిగ పూడింది, పైన కార్లు నిలిపారు. బీటిల్స్ పేరు చెప్పుకుని పర్యాటకులు వస్తున్నారని తెలిశాక, 1984లో పాత ఇటుకలు కొన్ని ఏరి మరీ మళ్లీ కట్టారు. లండన్‌లో 2009 జనవరిలో ఆస్టోరియా అనే సంగీత వేదిక కూడా రైలు కోసమే పోయింది. ఆ స్థలంలో 2022లో కొత్త నాటకశాల లేచింది. సంస్కృతికి చోటివ్వడానికి ముందు ఉన్న సంస్కృతిని ఖాళీ చేయించడం నగర ప్రణాళికలో మామూలే.

సీబీజీబీకి జరిగిన అంత్యక్రియలు మాత్రం ఇంకే బారుకూ దక్కలేదు. అద్దె తగాదాతో 2006 అక్టోబరులో అది మూతపడింది. అద్దెకిచ్చినది నిరాశ్రయులకు ఆసరా ఇచ్చే సంస్థ. 2008లో అక్కడ ఖరీదైన దుస్తుల దుకాణం వెలిసింది. 2013లో మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ మీద ప్రదర్శన పెట్టి, సీబీజీబీ మరుగుదొడ్డిని గోడల మీది రాతలతో సహా పునర్నిర్మించింది. బతికున్న రోజుల్లో ముక్కు మూసుకుని వెళ్లిన ఆ దొడ్డి గడపలో సందర్శకులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. 2015లో నెవార్క్ విమానాశ్రయంలో అదే పేరుతో రెస్టారెంటు వచ్చింది. సంగీతం ఒక్కటి తప్ప అన్నీ బతికించారు.

చావు తప్పించుకునే మార్గం ఒకటుంది: వాయించడం తగ్గించి వేలాడదీయడం. 1971లో ఇద్దరు అమెరికన్లు లండన్‌లో పెట్టిన హార్డ్ రాక్ కేఫ్‌లో, తన కుర్చీకి గుర్తుగా ఉంటుందని గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇచ్చిన గిటారు గోడకెక్కింది. తనదీ తీసిపోదంటూ మరో గిటారిస్టు పీట్ టౌన్షెండ్ ఇంకోటి పంపాడు. గోడ మీది గిటారు మీద ఏ పొరుగువాడూ ఫిర్యాదు చెయ్యడు, దానికి పారితోషికమూ అక్కర్లేదు. ఈ సూత్రం ప్రపంచమంతా పాకి బంజారాహిల్స్ మాల్ దాకా వచ్చింది. ఇలాంటి చోట వారంలో కొన్ని రాత్రులు బ్యాండు మోగినా, ఏడు రోజులూ డ్యూటీలో ఉండేవి అద్దాల వెనక వస్తువులే.

కేఫ్ పెట్టిన ఆ ఇద్దరిలో ఒకడైన ఐజాక్ టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు. అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు అన్న బాబా మాటే ఆ కేఫ్ నినాదమైంది. 1988లో తన వాటా అమ్మగా వచ్చిన డబ్బులో పెద్ద మొత్తాన్ని టిగ్రెట్ పుట్టపర్తిలో ఆసుపత్రికి ఇచ్చాడు. 1991లో తెరుచుకున్న ఆ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకూ డబ్బు తీసుకోరు. రాక్ సంగీతం వల్ల సమాజానికి ఒరిగిందేమిటని అడిగేవాళ్లకు చూపించదగ్గ గట్టి భవనం ఇదే. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు; ప్రకటించినచోట పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. అలా ప్రకటిస్తే, రాక్ డబ్బుతో లేచిన ఆ ఆసుపత్రి గేటు ముందు రాక్ వాయించడం చట్టరీత్యా నేరం.