ధీరచంచలుడు

నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా విభజించిన ఆలంకారికులు ఇంటర్నెట్‌ను ఎరగరు కాబట్టి ఐదో రకాన్ని వదిలేశారు. ఏటా రెండు మూడుసార్లు సెర్చింజన్ మార్చి, మార్చిన ప్రతిసారీ బంధుమిత్రులందరి చేతా మార్పించాలని కంకణం కట్టుకునే ఈ నాయకుణ్ణి ధీరచంచలుడు అనవచ్చు. సెర్చింజన్ అంటే కోట్లాది వెబ్ పేజీలను ముందుగానే చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో సూచిక తయారుచేసుకుని, అడిగిన మరుక్షణం తగిన పేజీలను వరసపెట్టి చూపించే యంత్రాంగం. ఈ నిర్వచనాన్ని ధీరచంచలుడు ఎవరూ అడగకపోయినా పెళ్లి భోజనాల బంతిలో, పప్పు వడ్డించి వెళ్లిన మనిషి సాంబారుతో తిరిగి వచ్చేలోగా, పక్క విస్తరిలోని పెద్దమనిషికి ఉదాహరణపూర్వకంగా వివరిస్తాడు.

అతని విశిష్టత బోధపడాలంటే తక్కిన లోకం తీరు కొంత తెలియాలి. అత్యధికులు సెర్చింజన్‌ను ఎంచుకోనే ఎంచుకోరు. కొన్న ఫోన్‌లో ఏది ఉంటే దానితోనే సర్దుకుపోతారు. ఇలా కంపెనీవారు ముందే అమర్చి పెట్టినదాన్ని డిఫాల్ట్ అంటారు. ఈ డిఫాల్ట్ స్థానానికి ఎంత గిరాకీ ఉందో అమెరికాలో గూగుల్‌పై నడిచిన గుత్తాధిపత్యం కేసులో బయటపడింది: ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ ఆ చోటు దక్కించుకోవడానికి గూగుల్ 2021లో ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. జనం సెట్టింగ్స్ జోలికి పోరన్న గట్టి నమ్మకం మీద ఇంత సొమ్ము ఖర్చవుతున్న లోకంలో, ధీరచంచలుడు సెట్టింగ్స్ తెరుస్తాడు. అతని వీరగాథకు అదే ప్రథమాశ్వాసం.

మొదటి వలసకు కారణం సాధారణంగా కోపం. ఒకసారి మోకాళ్ల నొప్పులకు తైలం వెతికిన పాపానికి నెల్లాళ్లపాటు ఏ పేజీ తెరిచినా తైలం సీసాలే ఎదురవడంతో అతడు వ్యక్తిగత గోప్యతకు, అంటే తన సంగతులు తన దగ్గరే ఉంచుకునే హక్కుకు, జీవితాన్ని అంకితం చేసి, వాడుకరుల వెతుకులాట చరిత్రను దాచిపెట్టుకోబోమని చెప్పే డక్‌డక్‌గోకు మారతాడు. ఆ సాయంత్రమే బట్టల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి నోరు తెరవకముందే తన ఫోన్ నంబరు పదంకెలూ గడగడా అప్పజెబుతాడు. డక్‌డక్‌గోలో ఒక కిటుకు ఉంది: ప్రశ్న పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి ఇంగ్లీషు జి అక్షరం చేరిస్తే, ఆ ప్రశ్న తిన్నగా గూగుల్‌కు వెళ్తుంది. ధీరచంచలుడు వారం తిరిగేసరికి ఈ కిటుకు నేర్చి, పది రోజులకల్లా దాన్ని ప్రతి ప్రశ్నకూ తగిలిస్తూ, గూగుల్‌ను పూర్తిగా వదిలేశానని చెప్పుకుంటాడు.

రెండో వలసకు ప్రేరణ ఆదర్శం. ప్రకటనల మీద వచ్చే ఆదాయంతో మొక్కలు నాటిస్తామని 2009లో జర్మనీలో మొదలైన ఎకోసియా అతని మనసు కరిగిస్తుంది. అయితే ప్రకటనలంటే గిట్టని ఈ నాయకుడు వాటిని అడ్డుకునే యాడ్‌బ్లాకర్‌ను అంతకుముందే పెట్టుకుని ఉంటాడు కాబట్టి, అతని వెతుకులాటల పుణ్యాన ఎక్కడా ఒక్క మొక్కయినా మొలవదు. మూడో వలసకు హేతువు ఉచితం. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో అనే కృత్రిమ మేధ శోధన సేవను ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చినప్పుడు, గోప్యతా వృక్షరక్షణా తాత్కాలికంగా వాయిదా పడ్డాయి.

ఇన్ని వలసల వల్ల అతడు ఎంత దూరం వెళ్లాడన్నది వేరే ప్రశ్న. డక్‌డక్‌గో చూపే లింకుల్లో అధికభాగం మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచి తెచ్చుకున్నవే. యాహూ కూడా ఏనాడో సొంత వంట మానేసింది. ఎకోసియా చాలాకాలం బింగ్ మీదే ఆధారపడింది. బోర్డులు వేరైనా వంటగది ఒకటే అయిన హోటళ్లలో పూటకొక దానికి మారి రుచిలో తేడా కనిపెట్టినవాడి సంతృప్తి ధీరచంచలుడిది. ఇంతకీ ఆ బింగ్‌లో జనం అన్నిటికంటే ఎక్కువగా వెతికే మాట గూగుల్ అని, 2021లో ఐరోపా న్యాయస్థానంలో గూగుల్ తరఫు న్యాయవాదే వాదించాడు.

గృహసీమలో అతని ప్రతిష్ఠ అంతంతమాత్రం. గ్యాస్ ఏజెన్సీ నంబరు చూడమని ఇల్లాలు అడిగితే, ఏ ఇంజన్‌లో చూడాలో తేల్చుకునే క్రమంలో ఇండెక్స్ అంటే ఏమిటో, ర్యాంకింగ్ అంటే ఏమిటో అతడు వివరిస్తుండగానే ఆమె ఫ్రిజ్ మీద అంటించిన పాత రసీదు చూసి ఫోన్ చేసి, సిలిండర్ బుక్ చేసి, “ఏవండీ, రేపు పొద్దున వస్తుందట, చిల్లర తీసి పెట్టండి” అంటుంది.

అతని అసలు లోపం చాంచల్యం కాదు. కోపంతో మారతాడు, ఆదర్శంతో మారతాడు, ఉచితమంటే మారతాడు; ఒకే ప్రశ్నను రెండు ఇంజన్లలో అడిగి ఏది సరైన జవాబిచ్చిందో పోల్చి చూసి మాత్రం ఎన్నడూ మారడు. అయినా అతణ్ణి చూసి నవ్వేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1995లో వచ్చి రాజ్యమేలిన ఆల్టావిస్టాను వదిలి, 1998లో పుట్టిన గూగుల్ అనే పసికందును మొదట పట్టుకున్నది, దాని సంగతి కనబడ్డవాడికల్లా చెప్పి ప్రాణం తీసింది ఇటువంటి చంచలులే. అలవాటు మీదే వ్యాపారం నడిచే చోట, అలవాటు మార్చుకోగలవాడంటేనే బజారుకు కాస్త భయం. కాబట్టి ఈ వ్యాసం చదివినవారు ఒక్కసారి బ్రౌజర్ సెట్టింగ్స్ తెరిచి అక్కడ ఎవరి పేరుందో చూసి, తమకు బాగా తెలిసిన విషయం మీద ఒక తెలుగు ప్రశ్నను రెండు చోట్ల అడిగి, మంచి జవాబిచ్చినదాన్ని ఉంచుకోవాలి. పెళ్లి బంతిలో మాత్రం ఆ ప్రస్తావన తేకూడదు.