హాల్లో సముద్రం, ఈశాన్యంలో విషం

భీమవరం నుంచి రాజమండ్రి దాకా ఇప్పుడు గృహప్రవేశం కార్డు చేతిలో పెడుతూ "హాల్లో లయన్ ఫిష్ ఉందండి" అని ఓ మాట చెవిన వేస్తున్నారు. మొన్నటిదాకా అరోవానా, అంతకుముందు ఫ్లవర్‌హార్న్. అవి అదృష్టం తెచ్చేవి. ఇదేం తెస్తుందో అడక్కూడదు. ఈశాన్యాన పెట్టారట, అంతే.

నా గొడవ ముందు నీళ్లతో. ఇది సముద్రపు చేప, దీనికి ఉప్పునీళ్లే కావాలి. డెల్టా చివరి ఊళ్లలో బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరే. రొయ్యల చెరువుల పుణ్యమా అని చేలకీ నూతులకీ ఉప్పెక్కింది, తాగడానికి టిన్ను కొనుక్కోవాలి. ఆ ఉప్పునీటినే మన ఆసామి ఆర్వో మిషన్లో పోసి, సగానికి సగం కాలవలోకి వదిలేసి, మిగిలినదాన్ని మంచినీళ్లు చేయిస్తాడు. చేయించి? అందులో ఉప్పు కలుపుతాడు. మన కల్లాల ఉప్పు పనికిరాదు, జర్మనీ ఉప్పే కావాలి. లీటరుకి 35 గ్రాములు. 500 లీటర్ల తొట్టెకి 17 కిలోల పైమాటే.

సముద్రం గంట దూరంలో ఉందిగా అన్నాను. గోదారి కలిసే చోటి నీళ్లు కుదరవన్నారు, వరదొస్తే ఉప్పదనం పడిపోతుందట, పైగా బురద. నిజమే. కాబట్టి ఉప్పునీళ్లలోంచి ఉప్పు తీసి, ఉప్పేసి, ఉప్పునీళ్లు చేసుకోవాలి.

అక్కడితో అయిందా! నెల తిరక్కుండా కొంత తోడి పారబోసి మళ్లీ మొదలు. ఎండలకి నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, అందుకని రోజూ మంచినీళ్లు పోయాలి. అదే వీధి చివర ట్యాంకరు కోసం బిందెల వరస.

ఇక చల్లదనం. ఈ జీవికి 25 డిగ్రీలు కావాలి. రోహిణి కార్తెలో రాజమండ్రి 45 దాటుతుంది. కరెంటు పోతే జనరేటరు ముందు తొట్టె నీళ్లు చల్లబరిచే చిల్లరుకి, తర్వాతే మంచంమీద మామ్మగారి ఫ్యానుకి.

ఇంతా చేస్తే దొరగారు భోంచెయ్యరు. సముద్రంలో పట్టి తెచ్చిన లయన్ ఫిష్ ఐసు రొయ్యని కన్నెత్తి చూడదు, కదిలేదే కావాలి. సంక్రాంతికి అలిగిన కొత్తల్లుడిలా మూల నిలబడితే ఇంటిల్లిపాదీ బతిమాలుతుంటారు. పక్కన చిన్న చేపల్ని వేశారా, తెల్లారేసరికి తొట్టెలో అల్లుడొక్కడే.

"కరిచిందంటే ప్రాణం పోద్దండి, ఆయ్!" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి మురిసిపోతున్నారు. అది కరవదు మహానుభావా. వీపున 13, పొట్ట కింద 2, తోక దగ్గర 3, మొత్తం 18 విషపు ముళ్లు. తనంతట తాను మనిషి జోలికి రాదు, ప్రాణం తియ్యడం బహు అరుదు. గుచ్చుకుంటే మాత్రం భరించలేని నొప్పి, వాపు, కొందరికి వాంతులు, ఆయాసం. అందం చూసి కొన్నామంటే నేను నమ్మను. విషం ఉందనే కొన్నారు.

ఎవరికా విషం? ఆసామి తొట్టెలో వేలు పెట్టడు, రీలు తీయించుకుంటాడు. మోచేతి దాకా చెయ్యి ముంచి నాచు గీకేది జీతగాడు కుర్రాడు. ఒక చేత్తో అద్దం గీకాలి, రాయి వెనక ఆ ముళ్లు ఎటున్నాయో కంటితో కాచుకోవాలి. చేతికి తొడుగైనా లేదేమని అడిగితే "ఆడికి అలవాటేనండి" అన్నారు. సిగ్గుండాలి. జర్మనీ ఉప్పుకి డబ్బులుంటాయి, పిల్లాడి చేతికి తొడుగు కొనడానికి ఉండవు!

మోజు తీరాక ఏం చేస్తారో కూడా తెలుసు. ఫ్లోరిడాలో ఈ చేప మొదట 1985లో కనబడింది, అక్కడి తొట్టెల్లోంచి వదిలినదే అంటారు. ఆడది ఏడాదికి 20 లక్షల గుడ్లు పెడుతుంది, ఇవాళ కరేబియన్ అంతా దానిదే. బంగాళాఖాతానికి ఇది పాత కాపే, ఆ భయం మనకి లేదు. కానీ నాచు తింటుందని ఇళ్లకి తెచ్చుకున్న సక్కర్ చేప రాకాసి చేపై ఇప్పుడు చెరువుల్లో వలలు చింపుతోంది. వదిలింది ఇలాంటి మహారాజులే.

మళ్లీ ఆ కుర్రాడి చేతి దగ్గరికొస్తే, లయన్ ఫిష్ ముల్లుకి విరుగుడు సూది లేదు. పాముకాటు మందు పనిచెయ్యదు. ఆ విషం వేడికి విరుగుతుంది, అందుకని 45 డిగ్రీల నీళ్లలో అరగంట నుంచి గంటన్నర చెయ్యి ముంచి ఉంచాలి, ఆపైన ఆస్పత్రి. మేడలో నాలుగు బాత్రూములు, నాలుగు గీజర్లు. ఆ కుర్రాణ్ణి ఏ బాత్రూంలోకి రానిస్తారండీ?