పీడకలలు నా మేత

ఏనుగు తొండం, ఖడ్గమృగం కళ్లు, ఎద్దు తోక, పులి పాదాలు. తలా ఒక జంతువు దగ్గర ఒక్కో అవయవం తెచ్చుకున్న నన్ను జపాన్‌లో బకు అంటారు. చైనా కథల్లోంచి వచ్చాను. అక్కడ నా తోలు పరుచుకుని పడుకుంటే అంటురోగాలు దగ్గరికి రావని నమ్మేవారు. జపాన్ చేరాక పీడకలలు తినే పని నాకు అప్పగించారు. రాత్రివేళ ఉలిక్కిపడి లేచినవాళ్లు ఆ కల తినేసి పొమ్మని నన్ను మూడుసార్లు పిలిచేవారు. కొత్త సంవత్సరంలో మంచి కల రావాలని దిండు కింద నిధుల ఓడ బొమ్మ పెట్టుకునేవారు. ఆ ఓడ తెరచాప మీద నా పేరు రాసేవారు. నిక్కోలోని తోషోగు ఆలయంలో దూలాల కొసల మీద నా తలలు ఇప్పటికీ ఉన్నాయి.

నేను మాత్రం దూలం ఎక్కినదాన్ని కాదు. నా ఎత్తు రెండంగుళాల లోపే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో క్యోటోలో ఒకతను త్సుగే కర్రతో చెక్కిన నెట్సుకేని. కిమోనోకి జేబులుండవు. పొగాకు తిత్తో, మందుల పెట్టో, డబ్బు సంచో తాడుకి కట్టి, ఆ తాడును నడికట్టు వెనకనుంచి పైకి లాగి, కొసన మమ్మల్ని కట్టేవారు. నడికట్టు పై అంచు మీద నేను కూర్చుంటే కింద ఎంత బరువున్నా జారదు. మీ తాతలు వక్కాకు సంచి బొడ్లో దోపుకునేవారు కదా, అదే అవసరం. అక్కడ దానికి కాపలా నేను.

త్సుగే చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు. అందుకే దాని కర్ర అంత గట్టిది, అంత నున్ననిది. దువ్వెనలు కూడా దానితోనే చేసేవారు. ఆ ముక్కని బాగా ఆరనిచ్చాక అతను ఉలి పట్టాడు. ముందు ఆలోచించింది తొండం గురించే. బయటికి చాచితే చీర కొంగులా వేలాడే కిమోనో చేతికి తగులుకుంటుంది, లేదా విరుగుతుంది. అందుకని తొండాన్ని రొమ్ము మీదికి మడిచాడు, తోకని పక్కకి చుట్టాడు, నాలుగు పాదాలూ ఒక్కచోటికి చేర్చాడు. మా వాళ్లలో గొప్పవన్నీ ఇలా ముద్దగా, ఎక్కడా పొడుచుకురాకుండా ఉంటాయి. ఆ కట్టుబాటే మా అందానికి మూలమని నా నమ్మకం. ఒళ్లంతా వెంట్రుకలు గీశాడు. ప్రతి గీతా తేలిగ్గా మొదలై, నడుమ లోతై, చివర చిన్నగా మెలి తిరుగుతుంది. కళ్లకి నల్లటి కొమ్ము ముక్కలు పొదిగాడు. తోకుసా అనే గరుకు కాడలతో రుద్ది, రంగు పట్టించి, మైనంతో మెరుగుపెట్టాడు. అడుగున రెండు రంధ్రాలు తొలిచాడు: ఒకటి చిన్నది, రెండోది తాడు ముడి దాక్కునేంత పెద్దది. సంతకం పెట్టలేదు.

1781లో ఒసాకాలో ఇనాబా త్సూర్యూ అచ్చువేసిన సోకెన్ కిషో కత్తుల అలంకారాల గురించిన పుస్తకం. దాని చివర యాభైమందికి పైగా నెట్సుకే శిల్పుల పేర్లున్నాయి. మా వాళ్ల గురించి అచ్చయిన మొదటి జాబితా అదే. అందులోని యోషిమురా షూజాన్ మాలాంటి వింత జీవాలకు ప్రసిద్ధుడు. ఆయనా సంతకం పెట్టేవాడు కాదు.

నన్ను కొన్నది ఒసాకా దోజిమాలో ఒక బియ్యం వర్తకుడు. వర్తకులు ఎంత గడించినా పై కులాలవాళ్లలా ఆడంబరంగా తిరగడానికి ఆంక్షలుండేవి. ఆ సరదా అంతా నడుము దగ్గరి చిన్న వస్తువులో తీర్చుకునేవారు. బేరం బిగిసినప్పుడల్లా అతని బొటనవేలు నా ఎడమ చెంప మీద తిరిగేది. అతని కొడుకుదీ అదే అలవాటు. ఆ చెంప మీద వెంట్రుక గీతలు ఇప్పుడు దాదాపు లేవు. అక్కడ కర్ర తేనెరంగుకి తిరిగింది. కుడి పక్కన, తోక మడతలో, గీతలు నిన్న చెక్కినట్టే ఉన్నాయి.

1868 తర్వాత అంతా తారుమారైంది. కోట్లు, ప్యాంట్లు వచ్చాయి. వాటితో జేబులు, సిగరెట్లు వచ్చాయి. మాకు పని పోయింది. యోకోహామా వ్యాపారులు మమ్మల్ని గంపగుత్తగా కొని ఓడలెక్కించారు. పారిస్‌లో షార్ల్ ఎఫ్రుస్సీ కొన్న 264 నెట్సుకేలు ఆ కాలానివే; తర్వాత అవి వియన్నాలోని ఎఫ్రుస్సీల ఇంటికి చేరాయి, నాజీలు ఆ ఇంటిని దోచుకున్నప్పుడు ఆనా అనే పనిమనిషి వాటిని పరుపులో దాచి కాపాడింది. రచయిత ఎడ్మండ్ డి వాల్ 2010లో ఆ చరిత్ర రాశాక మా పేరు ఇంటింటికీ తెలిసింది. నేను మాత్రం లండన్ చేరాను. చాలాకాలం అద్దాల బీరువాలో గడిపాను. దుమ్ము పడలేదు, దొంగతనం జరగలేదు. కానీ మమ్మల్ని చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది, తిప్పి చూస్తేనే అడుగు పని కనిపిస్తుంది. కళ్లతో మాత్రమే చూసినవాడికి మేము సగమే అర్థమవుతాం.

ఆ బీరువాలో నా పక్కన దంతపు కుందేలు ఉండేది. షమిసెన్ వాద్యానికి మీటులు కోయగా మిగిలిన ముక్కలోంచి పుట్టింది కాబట్టి మూడు కోణాల ఒళ్లు. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 1918కి ముందుదైన, కళాపరంగా విశేషమైన వస్తువని ధ్రువపత్రం తెచ్చుకుంటే తప్ప, లేదా మ్యూజియానికి ఇస్తే తప్ప, అలాంటిదాన్ని అమ్మడానికి వీల్లేదు. కుందేలు అక్కడే ఉండిపోయింది. ఆ చట్టాన్ని నేను తప్పుపట్టను. ఏనుగు తొండం ముఖాన మోసేదాన్ని, ఏనుగుల పక్షమే నాది.

నన్నిప్పుడు కొన్నాయన మంచి చూపున్నవాడు. రెసిన్‌తో పోతపోసి, టీ నీళ్లతో పాతరంగు పూసిన నకిలీలు సంతల నిండా ఉన్నాయి. ఆయన భూతద్దంతో ముందు అచ్చు అతుకు గీత, గాలి బుడగలు ఉన్నాయేమో వెతుకుతాడు. తర్వాత రంధ్రాల అంచు చూస్తాడు. దశాబ్దాలపాటు తాడు ఒరిసిన అంచు ఒకవైపే అరుగుతుంది. అరిగినట్టు చేసిన అంచు చుట్టూ సమంగా ఉంటుంది. చేయి తగిలే చోట అరుగుదల, తగలని చోట పదును ఉండాలి. అంతటా ఒకేలా అరిగినదాన్ని ఆయన కొనడు.

ఒక వ్యాపారి నా అడుగున తోమోతదా సంతకం చెక్కిస్తే ధర ఎన్నోరెట్లు పలుకుతుందని సలహా ఇచ్చాడు. ఎద్దుల బొమ్మలకు పేరుపడిన ఆ క్యోటో శిల్పికి నకిలీలు ఎక్కువని ఇనాబా 1781లోనే రాసిపెట్టాడు. నా యజమాని నన్ను గుడ్డలో చుట్టి, మాట్లాడకుండా లేచి వచ్చేశాడు.

ఇంటికి ఎవరైనా సేకర్తలు వస్తే ఉంగరాలు తీయించి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి నన్ను చేతికిస్తాడు. వాళ్లలో ఒకావిడ తన దగ్గరున్న సంతకంలేని కిరిన్ అనే వింత మృగం నెట్సుకే ఫోటోలు పంపింది. దాని మెడ మీది వెంట్రుకలు కూడా చివర మెలి తిరుగుతున్నాయట. ఫోటోలు చాలవు, కిరిన్‌నే తీసుకురమ్మని ఆయన జవాబు రాశాడు. వచ్చే నెలలో రెండింటినీ ఒకే దీపం కింద పెట్టి చూస్తారు.