అంతా వేడేనట!

కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషి రెండో వారంలో కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాడంటే, జబ్బేమిటో తేల్చడానికి మనవాళ్లకి అర నిమిషం చాలు. వేడి చేసింది! పిన్ని సబ్జా గింజలు నానబెడుతుంది. బాబాయి కరెంటు స్తంభం మీది రేకు బోర్డు గుర్తు తెచ్చుకుంటాడు: "అర్శమొలలు, లూటీ, భగందరం. కోత లేదు, కుట్టు లేదు. గ్యారంటీ." కింద పది అంకెల నంబరు.

ఆ గ్యారంటీ గదిలో మొదటి పరీక్ష వేలితోనే. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయే ఈ రోజుల్లో క్యాన్సర్ డాక్టర్లు మలద్వారంలో థర్మామీటరు కూడా పెట్టనివ్వరు. ఎనిమా వద్దంటారు, పెట్టుడు మాత్రలు వద్దంటారు, తామే పైపైన చూసి వదిలేస్తారు. అక్కడ చిన్న గీత పడినా పేగులోని క్రిములు నేరుగా నెత్తుట్లోకి పోతాయని వాళ్ల భయం. పిరికివాళ్లు మరి.

ఇంట్లో ఓ పెద్దాయన ఉంటాడు. "చీము పట్టలేదుగా, పట్టాక చూద్దాం" అంటాడు. అయ్యా, చీమంటే చాలావరకు చచ్చిన తెల్లకణాలే. చావడానికైనా అవి ముందు ఉండాలిగా! మైక్రోలీటరు రక్తంలో 1500కి పైగా ఉండాల్సిన న్యూట్రోఫిల్స్ 500 కిందికి పడిపోయినవాడికి చీము ఎక్కణ్ణుంచి వస్తుంది? కాస్త ఎరుపు, కాస్త గట్టిదనం, కూర్చోనివ్వని నొప్పి. ఒక్కోసారి పైకి కనిపించేది అంతే.

ఇక కుడివైపు పొత్తికడుపులో నొప్పీ, విరేచనాలూ, జ్వరమూ కలిసొస్తే దానికి మన పేరు గ్యాస్. పెద్దపేగు మొదట్లోని తిత్తి గోడ వాచి చిల్లుపడే ప్రమాదముందని స్కానింగులో తేలేలోపు సోడా, విరేచనాలు కట్టే మాత్ర, "మంచి బ్యాక్టీరియా" పొట్లం వరసగా అయిపోతాయి. రక్షణ కణాలు లేని ఒంట్లో ఆ మంచి బ్యాక్టీరియా కూడా అరుదుగానైనా రక్తంలో కాపురం పెడుతుంది. జ్వరం 100.4 దాటిందా? పారాసెటమాల్‌తో దించేసి హాయిగా పడుకుంటారు. ఆస్పత్రిలో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాల్సిన జ్వరమది.

ఆస్పత్రులేం తక్కువ తినలేదు. రౌండ్సులో పదిమంది చుట్టూ నిలబడి "మోషన్ అవుతోందా?" అని గట్టిగా అడుగుతారు. అత్తగారు పక్కనుండగా ఏ కోడలు చెబుతుంది, అవుతోంది గానీ ప్రాణం పోతోందని? అందరూ బయటికెళ్లాక తలుపు వేసి ఓ నర్సు అడిగితే అన్నీ బయటపడతాయి. మలం మెత్తబడే మందు, గోరువెచ్చని నీళ్ల టబ్బు, గట్టిగా రుద్దకుండా కడుక్కోవడం, ఇవన్నీ చెప్పడానికి రెండు నిమిషాలు. కోత పెట్టాలా, కణాలు తేరుకునేదాకా మందులతో ఆగాలా అన్నది సర్జనూ క్యాన్సర్ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క.

డిశ్చార్జి కాగితంలో ఏ పండు తినాలో, ఏ పచ్చడి మానాలో పేజీన్నర ఉంటుంది. రాత్రి రెండింటికి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం వెతుక్కోవాలి. స్తంభం మీది నంబరు ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.