హోలీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: రాజు కాయును, రాణి కాయదు, పేరు నమ్మినవాని పెరడు పచ్చగానే యుండును.

అవతారిక: ఇంగ్లండులో చలికాలమంతా ఆకు రాల్చక, క్రిస్మస్ నాటికి ఎర్రని కాయలతో ముంగిలికి కళ తెచ్చే పొదను ఎంచుకునే పద్ధతిని ఈ సూత్రం బోధిస్తున్నది. ఇచట హోలీ అనగా ఫాల్గుణ పూర్ణిమ నాటి రంగుల పండుగ కాదు; 1753లో లిన్నేయస్ ఐలెక్స్ ఆక్విఫోలియం, అనగా సూదుల ఆకు గలది, అని పేర్కొన్న ముళ్ల ఆకుల మొక్క, దాని సంకర జాతులు అని గ్రహించాలి.

ప్రతిపదార్థం: రాజు = ‘గోల్డెన్ కింగ్’ అనే రకం; కాయును = ఆడ మొక్క గనుక కాయలిచ్చును; రాణి = ‘గోల్డెన్ క్వీన్’ అనే రకం; కాయదు = మగ మొక్క గనుక ఎన్నటికీ కాయదు; పేరు నమ్మినవాని = నర్సరీ చీటీ మాత్రమే చదివి కొన్నవాని; పెరడు = తోట; పచ్చగానే = ఏవకారం చేత, ఎరుపు ఉండదని ధ్వని.

శంక: రాజు కాయడమేమిటి, రాణి కాయకపోవడమేమిటి?

సమాధానం: హోలీలో మగపూలు ఒక మొక్కకు, ఆడపూలు వేరొక మొక్కకు పూస్తాయి. ఈ పేర్లు ఆకుల పసుపు జరీ అంచుకు తగినవే గాని పువ్వుకు తగినవి కావు. వసంతం చివర విచ్చే చిన్న తెల్లని పువ్వును దగ్గరగా చూస్తే, ఆడదానిలో నాలుగు రేకుల నడుమ ఆకుపచ్చని బొడిపె, అనగా అండాశయం, ఉబ్బి కనిపిస్తుంది. మగదానిలో ఆ చోటు చిన్నబోయి, చుట్టూ పుప్పొడి నిండిన నాలుగు కేసరాలు నిక్కి ఉంటాయి. ఆడపువ్వులోనూ కేసరాలుంటాయి గాని వాటిలో పనికొచ్చే పుప్పొడి ఉండదు గనుక, కేసరాలను చూసి భ్రమపడరాదు.

విశేషం: తేనెటీగలు తిరిగే దూరంలో మగ మొక్క ఉంటేనే ఆడ మొక్క కాస్తుందనేది ఉత్సర్గం, అనగా సామాన్య నియమం, ఒంటిగానే కాచే ‘జె. సి. వాన్ టోల్’ దీనికి అపవాదం. నీరు నిలిచే నేల ఏ రకానికీ పనికిరాదు. కాయలు పక్షులకు ఆహారమే గాని, మనుషులు తింటే వాంతులవుతాయి గనుక పసిపిల్లలున్న ఇంట గుమ్మానికి దూరంగా నాటడం యుక్తం.

తాత్పర్యం: ఒక్క మొక్కకే చోటున్నవారు వాన్ టోల్‌ను, రెండింటికి చోటున్నవారు రాజును, రాణిని కలిపి నాటాలి, అప్పుడు కూడా కాయలు రాజుకే కాస్తాయి.