నరుటో పెండ్లికి మెదక్ పెద్దమనుషులు

2014 నవంబర్ 10న జపాన్‌లో ఒక పెండ్లి సంగతి బయటపడింది. వరుడు ఉజుమాకి నరుటో, వధువు హ్యూగా హినాటా. మెదక్‌కు శుభలేఖ రాలేదు. వచ్చినా రాకున్నా రాందాస్ చౌరస్తా పక్కన టీ కొట్ల దగ్గర ఆ సంబంధం మీద పంచాయితీ మాత్రం పదేండ్లు దాటినా తెగడం లేదు. డిగ్రీ పిల్లగాళ్లు రెండు పక్షాలుగా చీలి కూర్చుంటారు. గెలిచిన హినాటా పక్షానికి గొంతు తక్కువ. నరుటో జట్టులోనే ఉన్న సకురాతో పెండ్లి కావాలని ఓడిన పక్షానికి గొంతూ ఎక్కువే, ఆధారాలూ ఎక్కువే.

"చిన్నప్పటి సంది ఆమె వాన్నే చూస్తుండెరా!"

"చూస్తే పెండ్లయితదారా? అట్లయితే మన గల్లీల ఎన్ని పెండ్లిళ్లు కావాలె!"

రెండో మాటలో నిజం ఉంది. కానీ ఆ కుర్రాడు అక్కడ ఆగడు. ఫోన్ తీస్తాడు. అందులో పేజీలు, పేజీల మీద ఎర్ర గీతలు, గీతల పక్కన బాణాలు. దీన్ని విశ్లేషణ అంటారు.

మసాషి కిషిమోటో 1999లో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలుపెట్టి పదిహేనేండ్లు గీసిన బొమ్మల కథ (మాంగా) ఇది. 700 అధ్యాయాలు, 72 సంపుటాలు. ఊరంతా వెలివేసినట్టు చూసిన ఒక అనాథ అదే ఊరికి పెద్దవుతాడు. మధ్యలో ఊళ్లు నేలమట్టమవుతాయి, గురువులు చచ్చిపోతారు, నాలుగో నింజా మహాయుద్ధం జరుగుతుంది. విశ్లేషకుల దృష్టిలో ఇదంతా పెండ్లిచూపులు ఆలస్యం కావడానికి వచ్చిన అడ్డంకులు.

వాళ్ల సాక్ష్యాల చట్టం ఎంత గొప్పదో చూడండి. 437వ అధ్యాయంలో హినాటా ప్రాణాలకు తెగించి శత్రువు పెయిన్‌కు ఎదురు నిలబడి, నరుటోతో తన ప్రేమ చెప్పేసింది. 469లో సకురా కూడా అదే మాట చెప్పింది. అది అబద్ధమని నరుటో అక్కడికక్కడే పట్టేశాడు. ఇక సకురా పక్షం తీర్పు వినండి. హినాటా మాటకు నరుటో వెంటనే జవాబు చెప్పలేదు కాబట్టి అతనికి ఇష్టం లేదు. సకురా అబద్ధం ఆడింది కాబట్టి లోపల నిజం దాచుకుంది. నిజం చెప్పినామె మాట కొట్టివేత, అబద్ధం చెప్పినామె మాట ఖాయం! హినాటా పక్షమూ ఏం తక్కువ తినలేదు. ఆమె ఉన్న బొమ్మలో ఆకాశం తేటగా ఉంటే శుభశకునం, మబ్బుంటే విరహం.

ఆకాశం ఎవరు గీశారని మాత్రం ఎవరూ అడగరు. వారపత్రికలో వారానికి పంతొమ్మిది పేజీల దాకా ఇవ్వాలి. చెట్లు, గోడలు, మబ్బులు చాలావరకు సహాయకుల చేతి పని. పాఠకులు పంపే ఓటు కార్డుల్లో వెనకబడిన కథను పత్రిక మొహమాటం లేకుండా ఆపేస్తుంది. గడువు మెడ మీద పెట్టుకుని నిద్రలేని సహాయకుడు గీసిన గోడ నీడలో, మెదక్ విశ్లేషకుడు పదేండ్ల తర్వాతి కల్యాణం చూస్తాడు. 1924లో తెరిచిన ఊరి చర్చి అద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక ఏది, సిలువ ఏది, ఆరోహణం ఏది అంటే తల గోక్కునేవాడు కూడా, 469లో సకురా కాళ్ల కింది మంచు గురించి గంటసేపు చెప్పగలడు.

ఇందులో నిజంగా నవ్వుకోదగ్గ సంగతి కిషిమోటో పక్షానే ఉంది. నరుటోకు ఇద్దరు పిల్లలు పుట్టినట్టు నవంబర్‌లో చూపించారు. హినాటా మీద అతనికి ప్రేమ ఎలా పుట్టిందో చెప్పే సినిమా డిసెంబర్ 6న విడుదల చేశారు. పిల్లలు ముందు, ప్రేమ తర్వాత. మన మెదక్ మెతుకుసీమ పెద్దలు కుదిర్చే సంబంధాలకు ఇంత దగ్గరగా వచ్చిన జపాన్ కథ ఇంకోటి లేదేమో.

టిటె కుబో గీసిన బ్లీచ్ అభిమానుల గోస ఇంకో రకం. 2001 నుంచి 2016 దాకా 686 అధ్యాయాలు. నాయకుడు ఇచిగో సూర్యుడు, నాయిక రుకియా చంద్రుడు, కాబట్టి ఇద్దరూ కలవాల్సిందేనని ఒక వర్గం ఏండ్ల తరబడి ఖగోళశాస్త్రం నడిపింది. సూర్యచంద్రులు కలిస్తే గ్రహణం అవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. చివరికి ఇచిగోకు ఒరిహిమేతో, రుకియాకు రెంజితో పెండ్లయింది. కొందరు అభిమానులు కొన్న పుస్తకాలనే చింపి, కాల్చి లోకానికి చూపించారు. చివరి పేజీల్లో ఇచిగో కొడుకు, రుకియా కూతురు ఎదురుపడతారు. అది పట్టుకుని మిగిలినవాళ్లు తేరుకున్నారు. భార్యాభర్తలు కాకపోతేనేం, వియ్యంకులవుతారు కదా! సంబంధం పూర్తిగా తప్పిపోలేదన్నమాట.

అటాక్ ఆన్ టైటన్ దగ్గరికి వస్తే వ్యవహారం పెండ్లి దాటి పురుడు దాకా పోయింది. ఇందులో హిస్టోరియా రాణి గర్భవతి. తండ్రి ఒక రైతు కుర్రాడని హజిమె ఇసయామా కథలోనే చెప్పాడు. రైతుకు రాణినిచ్చి చేయడం విశ్లేషకులకు నచ్చలేదు. కథానాయకుడు ఎరెనే తండ్రి అని నెలలు వెనక్కి లెక్కపెట్టి పట్టికలు గీశారు. 2021 ఏప్రిల్‌లో 139వ అధ్యాయంతో కథ ముగిసింది, రైతు రైతుగానే ఉన్నాడు. అప్పుడు కొత్త వాదం పుట్టింది: యానిమేలో ముగింపు రహస్యంగా మారుస్తారట, పాటల్లో ఇప్పటికే సైగలు చేశారట. 2023 నవంబర్‌లో చివరి భాగం వచ్చింది. ముగింపు అదే, రైతూ వాడే.

ఇప్పుడు ఈ సరుకు తెలుగులోనే దొరుకుతోంది. 2025 సెప్టెంబర్ 12న డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. దాంతో ఆ కథలోని గియు–షినోబు సంబంధం మన దగ్గరా ఊపందుకుంది. నువ్వంటే ఎవరికీ పడదని షినోబు గియును దెప్పిపొడుస్తుంది. అంతే, గాఢమైన ప్రేమ! ఈ కొలత ప్రకారం మెదక్ బస్టాండులో చిల్లర కోసం కొట్లాడుకునే కండక్టరూ ప్రయాణికుడూ జన్మజన్మల బంధువులు.

పాత్రలకు జంటలు కట్టడం తప్పని ఎవరంటారు? ఆ పనిలో తెలుగువాళ్లను మించినవాళ్లు లేరు. వ్యాసుడి అభిమన్యుడికి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖను తెచ్చి అభిమన్యుడికి కట్టబెట్టింది జనం. నాటక సమాజాలు దాన్ని ఊరూరా ఆడాయి, 1957లో కె.వి. రెడ్డి మాయాబజార్ తీస్తే తెలుగు నేలంతా ఆ పెండ్లికి పోయింది. నరుటో గొప్పా, ఇంకో మాంగా వీరుడు గోకు గొప్పా అని కుర్రాళ్లు తన్నుకుంటారు గానీ, కృష్ణుడూ అర్జునుడూ కొట్లాడితే ఎవరు గెలుస్తారన్న ప్రశ్నతో చిలకమర్తి లక్ష్మీనరసింహం పందొమ్మిదో శతాబ్దంలోనే గయోపాఖ్యానం రాసేశాడు. తెలంగాణ పల్లెల్లో రాత్రంతా ఆడే చిందు భాగవతంలో ఇలాంటి కల్పనలకు కొదవ లేదు. కానీ వాళ్లెవరూ అరణ్యపర్వంలో ఫలానా శ్లోకం పక్కన నీడ పడింది కాబట్టి శశిరేఖ ఉన్నట్టే అని వాదించలేదు. కావలసిన కథ కట్టుకున్నారు, వేషం కట్టారు, ఆడారు.

జపాన్ అభిమానులు చేసేదీ అదే. నచ్చిన జంటతో సొంత మాంగా గీసి అచ్చేసుకుని అమ్ముకుంటారు. 1975లో టోక్యోలో మొదలైన కామిక్ మార్కెట్‌కు అందుకోసమే లక్షల మంది వస్తారు. మన విశ్లేషకుడికి కావలసిందీ ఇంకో కథే. దాన్ని రాయడానికి ఒళ్లు వంగక, అది అసలు కథలోనే ఉందని ఒట్టు వేస్తాడు. లేదని రచయిత చెబితే, రచయితకే తన కథ అర్థం కాలేదంటాడు.

అడగవలసిన ప్రశ్నలు లేక కాదు. నరుటో కథ మొదలైనప్పుడు తన జట్టువాళ్లు నరుటో, సాసుకేలతో సమానంగా నిలబడిన సకురాకు, తర్వాత వందల అధ్యాయాలు పక్కన నిలబడి చూడటం తప్ప పెద్ద పని ఎందుకు లేకుండా పోయింది? హినాటాకు నరుటో మీది ప్రేమ తప్ప సొంత కోరిక అంటూ ఏమైనా ఉందా? ఇవి గట్టి ప్రశ్నలు. చౌరస్తాలో ఎవరైనా అడిగితే ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే: "అది సరే, నువ్వు ఏ పక్షం?"

2023 ఆగస్టులో నరుటో కొడుకు బొరుటో కథ రెండో భాగం మొదలైంది. వాడి మీద సరాదాకూ మనసుంది, సుమిరెకూ మనసుంది. కొత్త పక్షాలు ఏర్పడ్డాయి, పాత పెద్దమనుషులే కూర్చున్నారు. ఈసారి అధ్యాయం నెలకు ఒకటే వస్తుంది. మిగతా రోజులన్నీ ఆధారాలు పోగు చేయడానికి ఖాళీ.